మంగళవారం నాటి ప్రాణహిత

నది లేని ఊరివాణ్ని నేను. జనగామ పక్కన మా ఊళ్లో బావులున్నాయి, చెరువుంది, వాన పడితే రెండు రోజులు ఉరికి మూడో రోజుకు ఇసుక మాత్రం మిగిల్చే వాగొకటి ఉంది. అంతే. అందుకేనేమో, నది అన్న మాట వింటే చాలు, నాకు కూర్చున్న చోట కాలు నిలిచేది కాదు. పత్రికలో పనిచేసినన్నాళ్లు ఎన్నికలు రాశాను, కరువులు రాశాను, తహసీలు ఆఫీసు ముందు ధర్నాలు లెక్కలేనన్ని రాశాను. అవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఒక్క మంగళవారం మాత్రం ఇప్పటికీ విడిగా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, పూస పూసగా గుర్తుంది.

దానికి మొదలు అరవై తొమ్మిదిలో ఉంది. తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతబడ్డాయి. హన్మకొండలో చదువుతున్న నేను పుస్తకాల పెట్టెతో ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని రోజులు గడుపుతున్నాను. మా ఇంటికి నాలుగిళ్ల అవతల భూగోళం చెప్పి రిటైరైన పంతులు ఉండేవాడు. ఖాళీగా ఉన్న మనిషిని చూస్తే ఆయనకు ఓపిక పట్టేది కాదు. ఒక పొద్దున నన్ను లేపి, చెంబెడు నీళ్లు చేతికిచ్చి, ఊరి బయట మిట్ట మీదికి నడిపించాడు.

"పొయ్యి," అన్నాడు.

మిట్ట నడినెత్తిన చెంబు వంచాను. నీళ్లు రెండు పాయలుగా చీలి ఒకటి ఇటు, ఒకటి అటు జారాయి.

"ఇటు పోయింది ఆలేరు వాగు పట్టుకొని మూసీకి, మూసీ నుంచి కృష్ణకు పోతది. అటు పోయింది గోదావరికి పోతది. రెండూ పోయి కలిసేది బంగాళాఖాతంలనే. కాని తొవ్వలు చూడు, ఎంత ఎడమున్నయో."

నేను మిట్టకు రెండు వైపులా కాళ్లు పెట్టి నిలబడ్డాను. ఒక కాలు కృష్ణలో, ఒక కాలు గోదావరిలో. నీటిబొట్టు లేని ఆ ఎర్రటి మిట్ట మీద పందొమ్మిదేళ్ల వయసులో నాకు కలిగిన సంబరం ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. ఆ వారమంతా పంతులు దగ్గర కూర్చుని పల్చటి ట్రేసింగు కాగితం మీద నదుల పటం గీశాను. ఆయనకొక నియమం ఉండేది. అసలు నదిని సిరాతో లావుగా గీయాలి. వచ్చి కలిసేవాటిని పెన్సిలుతో సన్నగా గీయాలి. గోదావరిని నాసిక్ నుంచి సముద్రం దాకా నల్లసిరాతో దిద్దాను. ఉత్తరం నుంచి వచ్చి కాళేశ్వరం దగ్గర కలిసే ప్రాణహితను పెన్సిలుతో, వెంట్రుకంత గీతగా దించాను. ఆ పటం ఎక్కడికి పోయినా నా సంచిలో ఉండేది.

తర్వాత మహబూబాబాదులో విలేకరి పని దొరికింది. పంట వార్త కోసం మరిపెడ వైపు పోతే ఆకేరు ఒడ్డున ఆగేవాణ్ని. గంగారం అడవిలోకి పోతే అక్కడి తండా మనుషులను ముందు వాగు పేరు అడిగేవాణ్ని, ఆ తర్వాతే వాళ్ల సమస్యలు. "పేపరాయన వచ్చిండు, వాగు ఏడికి పోతదో చెప్పుర్రి, లేకుంటే వార్త రాయడు," అని నవ్వేవాళ్లు. పటంలో ఒక్కో వాగును పెన్సిలుతో కలుపుకుంటూ పోయాను. ఇంత చేసినా ఉత్తరపు నది వచ్చి కలిసే చోటు మాత్రం చూడలేదు.

ఎనభైల్లో ఒక వానాకాలం ఆ అవకాశం వచ్చింది. ఎగువన వానలు దంచుతున్నాయి, కాళేశ్వరం పోయి గోదావరి వరద రాయమని మా డెస్కు నుంచి కబురు. నేను ఆ పూటే బయల్దేరాను. పరకాల, భూపాలపల్లి, కాటారం, మహాదేవపూర్ దాకా బస్సులు మారుతూ పోయాను. కాటారం దాటాక రెండు వైపులా అడవి తడిసి నల్లగా నిలబడింది. బస్సు కిటికీకి రేకు లేదు, నా చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది, నేను మాత్రం పెళ్లికి పోతున్నవాడిలా కూర్చున్నాను.

సోమవారం సాయంత్రం మహాదేవపూర్ పోస్టాఫీసులో ట్రంకు కాల్ దొరికింది. డెస్కులో ఉన్నాయన కోస్తా మనిషి. ఎప్పుడూ నన్ను ఆటపట్టించేవాడు.

"ఏమండీ, మీ దగ్గర గోదారి మోకాలి లోతైనా ఉందా? మా వైపు వచ్చాకే కదా అది నది అయ్యేది!"

"మీ దగ్గరికి వచ్చేసరికి ముసలిది అయితది సార్. వయసు మీద చూడాల్నంటే ఇటు రావాలె," అన్నాను.

ఆయన నవ్వి, పైన గోదావరి మీద నీటిమట్టాలు చదివి వినిపించాడు. అన్నీ తగ్గుతున్నాయి. నేను పటం ముందు పెట్టుకున్నాను. నల్లసిరా గీత వెంబడి వేలు పెట్టి లెక్క వేసుకున్నాను. పైన తగ్గితే కింద రేపటికి తగ్గాలి. అక్కడికక్కడే వార్త చెప్పాను. కాళేశ్వరం వద్ద గోదావరి వరద తగ్గుముఖం పట్టింది, బుధవారం నుంచి పడవలు నడిచే అవకాశం ఉంది. నదిని ఇంకా కళ్లతో చూడకుండానే చెప్పిన వార్త అది. పత్రికాఫీసు తొందరలో ఇలాంటివి నడిచిపోతుంటాయి. నేను అప్పటికి అందులో బాగా ఆరితేరాను.

మంగళవారం పొద్దున కాళేశ్వరం రేవులో దిగాను.

ఎడమ చేతి వైపు పడమటి నుంచి గోదావరి వస్తోంది, బూడిద కలిపినట్టున్న నీళ్లు. ఎదురుగా ఉత్తరం నుంచి, కొండలూ అడవీ తెరిచినట్టుగా, ఇంకో నది వచ్చి పడుతోంది. అది ఎర్రగా ఉంది. రెండూ కలిశాయి కాని కలవలేదు. నడుమ గీత గీసినట్టు ఒక పక్క బూడిద రంగు, ఒక పక్క ఎరుపు, కనుచూపు మేర అలాగే జంటగా పోతున్నాయి. ఆ గీత మీద నురుగు కట్టలు కట్టి తిరుగుతోంది. నేను రేవు మెట్ల మీద ఒక్కణ్నే గట్టిగా నవ్వాను. పక్కన బట్టలుతుకుతున్న ఆమె చెయ్యి ఆపి నన్ను చూసింది.

మెట్ల పైన చాయ్ కొట్టు ఉంది. అక్కడే ఒక ఇంట్లో గొడవ జరుగుతోంది. ఇల్లు పడవ నడిపే పెద్దమనిషిది. ఆయనకు యాభై అయిదేళ్లు ఉంటాయి, చేతులు తెడ్డు కర్రల్లా ఉన్నాయి. గొడవ ఆయనకూ భార్యకూ. చాయ్ తాగుతున్న నలుగురిలో ఎవరూ దాన్ని వినకుండా లేరు, కాబట్టి నేనూ విన్నాను.

సంగతి ఇది. వాళ్ల బిడ్డను అవతలి ఒడ్డున, సిరొంచ దిక్కు ఒక పల్లెలో ఇచ్చారు. తొలి కాన్పు. కాన్పు పుట్టింట్లోనే జరగాలి. రివాజు మాత్రమే కాదు, అవసరం కూడా. ఆ పల్లెకు వానాకాలం తొవ్వ ఉండదు, చుట్టూ వాగులూ ఒర్రెలూ పొంగితే మనిషి కదలలేడు. ఇటు వైపు అయితే బస్సుంది, మహాదేవపూర్ దవాఖాన ఉంది. ఏడో నెలలోనే తెచ్చుకుందామంటే నాట్లు అడ్డం వచ్చాయి. ఎనిమిదో నెలలో నీళ్లు దాటించవద్దని ఇంటి ఆడవాళ్లు పట్టుబట్టారు. ఆ నెలంతా నది చిన్నపిల్ల కూడా దాటేటంత నెమ్మదిగా ఉంది. తొమ్మిదో నెల పడ్డదో లేదో, రెండు నదులకూ వరద వచ్చింది. ఇప్పుడు పిల్లకు ఏ రోజైనా నొప్పులు రావచ్చు. నది మూసుకుంటే ఎన్నాళ్లకు తెరుచుకుంటుందో ఎవరికీ తెలియదు.

"ఇయ్యాల మంగళారం," అంటోంది భార్య. "మంగళారం పూట ఆడిపిల్లను గడప దాటిస్తరా ఎవలన్న? రేపు పో. ఒక్క దినంల ఏం మునుగుతది?"

"రేపటికి ఏం మిగులుతదో నీకెర్కనా?"

"నీ తొందరకు నా బిడ్డ నెత్తి మీద దోషం పెడ్తవా?"

ఇక్కడ నేను నోరు తెరిచాను. తెరవాల్సిన అవసరం లేదు. విలేకరినని, నిన్ననే పెద్దాఫీసుతో ఫోనులో మాట్లాడానని, పైన గోదావరి తగ్గుతోందని, రేపటికి ఇక్కడా తగ్గుతుందని చెప్పాను. ఆ మాట ఆ అవ్వకు దేవుడు పంపినట్టు దొరికింది.

"ఇన్నవా? పేపరు సారే చెప్పిండు! సదువుకున్న మనిషి చెప్పిండు. రేపు బుధారం, మంచిదినం. రేపు నీళ్లు గూడ తక్వయితయి."

పైగా నది చూడ్డానికి అలాగే ఉంది. రేవు ముందర నీళ్లు నెమ్మదించాయి. నిన్నటిదాకా పరుగెత్తిన నీళ్లు ఇవాళ చెరువులా నిలబడ్డాయని చాయ్ కొట్టాయన కూడా సాక్ష్యం చెప్పాడు. నేను సంచిలోంచి పటం తీసి నల్లగీత చూపించాను. నలుగురూ వంగి చూశారు. నాకు గర్వంగానే ఉంది.

పడవ పెద్ద, అదే ఆ ఇంటాయన, నా పటాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత వేలితో పెన్సిలు గీత మీద రుద్దాడు. చెమటకు అది కొంచెం చెరిగింది.

"గిదేంది?"

"ప్రాణహిత, బాపూ."

"గింతనా?"

"అది వచ్చి కలిసేది కదా. ఉపనది."

"అచ్చా. నాతోని జర రా సారూ."

మెట్లు దిగి నీళ్ల అంచుకు తీసుకుపోయాడు. అక్కడ అడుగడుగుకూ వెదురు గూటాలు దిగగొట్టి ఉన్నాయి. పొద్దున లేవగానే ఒకటి, అంబలి తాగే అంబటిపూట ఒకటి, అలా నీళ్లు ఎక్కడుంటే అక్కడ కొట్టుకుంటూ పోతాడు. పొద్దున కొట్టిన గూటం నాకు కనిపించలేదు. ఆయన నా చెయ్యి పట్టి, మోచేతి దాకా నీళ్లలో ముంచి, మునిగిపోయిన దాని తల తాకించాడు.

నాకు అర్థం కాలేదు. నీళ్లు కదలడం లేదు, కాని పెరుగుతున్నాయి.

"నెమ్మది అయింది అంటున్నరు కదా అందరు," అన్నాడు ఆయన. "ఎందుకయింది? ఆ ఉత్తరం గంగ అడ్డం వచ్చి నిలవడ్డది. ఈ గంగను ముందుకు పోనిస్తలేదు. నువ్వు తలుపుకాడ నిలబడితె ఇంట్ల మనిషి బయటికి ఎట్ల వస్తడు? గది నెమ్మది కాదు, ఎనుకకు నూకుడు. మీ ఫోన్ల ఆయన ఏ గంగ సంగతి చెప్పిండు?"

"గోదావరి సంగతి."

"మరి దాని సంగతి ఎవలు చెప్పాలె?"

నేను ఉత్తరానికి తిరిగి చూశాను. ఈసారి రంగులు కాకుండా నీళ్లు తెస్తున్నవి చూశాను. బూడిద నీళ్ల మీద జొన్నకట్టె, పొలాల చెత్త నిదానంగా తేలుతున్నాయి. ఎర్రనీళ్ల మీద పచ్చి టేకాకులు, వేళ్లతో సహా వెదురు పొదలు, ఒక పెద్ద మాను. మాను తిరుగుతూ పోతోంది. ఆకులు ఇంకా వాడలేదు.

"ఆకు పచ్చగుంటె నిన్న, మొన్న తెగిన చెట్టు," అన్నాడు పడవ పెద్ద. "అంటె వాన దగ్గర్లనే పడ్తున్నది. అసలు నీళ్లు ఇంకా తొవ్వలున్నయి. పొద్దుగూకేలోపు ఈ రేవు ఉండది."

పంతులు నేర్పిన నియమం, డెస్కు చదివిన అంకెలు, నా వేలి లెక్క, అన్నీ నల్లసిరా నది గురించే. ఈ రేవులో పెత్తనం పెన్సిలు గీతది. ఆ సంగతి తెలిసిన మనిషి ఇంట్లోనే, నేను వచ్చి కాదని చెప్పాను. నా మాట మీద ఒక పిల్ల ఒక రోజు ఆగబోతోంది.

మెట్లెక్కి నేనే ఆ అవ్వ ముందుకు పోయాను.

"అవ్వా, నేను చెప్పింది తప్పు. వేరే నది లెక్క చెప్పిన. ఇయ్యాలనే పోవాలె."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "జాము కింద రేపన్నవు. ఇప్పుడు ఇయ్యాల అంటున్నవు. మీ పేపరు కూడ గిట్లనే ఉంటదా?"

చాయ్ కొట్టు కూలినట్టు నవ్వింది. ఆమె నవ్వలేదు. లోపలికి పోయి పసుపు, కుంకుమ, ఒక చీర తట్టలో పెట్టి తెచ్చి భర్త చేతిలో కుక్కింది. "మంగళారం అని ఆ వియ్యపురాలు పిల్లను పంపదు చూడు. నేను ఒప్పుకున్నా, ఆమె ఒప్పుకోదు. ఆమెకు నాకన్న పట్టింపు. ఉత్త పడవ తెస్తవు. నా నోటి మాట రాసుకో సారూ, నీకు రాసుడు వచ్చు కద."

పడవ పెద్ద రేవులో గడకర్రకు తెల్లధోవతి కట్టి ఎత్తాడు. అవతలి ఒడ్డుకు వస్తున్నామని చెప్పడానికి అదే గుర్తు. అక్కడినుంచి జవాబుగా ఇంకో తెల్లటి చుక్క లేస్తే వాళ్లు చూసినట్టు. మేం కళ్లు చిట్లించి చూశాం. నీటి ఆవిరిలో అవతలి ఒడ్డు గీతలా ఉంది. ఏ చుక్కా లేవలేదు.

"పోదాం," అన్నాడు.

ఆయన, ఆయన తమ్ముడు, ఇంకో ఇద్దరు తెడ్లవాళ్లు. నేనూ వస్తానని అడిగాను. "బరువు," అన్నాడు తమ్ముడు. "రానీ," అన్నాడు పెద్దమనిషి. "నీళ్లు తోడేటందుకు ఒకరు కావాలె. లెక్కలు తప్పిన చేతులకు పని దొరుకుతది." అలా నా చేతికి ఒక రేకు డబ్బా వచ్చింది.

మొదట పడవను ఒడ్డు వెంట పైకి నడిపించారు. నిలిచిన బూడిద నీళ్ల మీద అది తేలిగ్గా పోయింది. నదిని అడ్డంగా కోయాలంటే ముందు పైకి పోవాలి, లేకుంటే దాటేలోపు ఎక్కడికో కిందికి కొట్టుకుపోతాం. చాలా పైకి పోయాక పడవ ముక్కు ఉత్తరానికి తిప్పారు. ఎదురుగా ఆ గీత. దగ్గరికి పోతే అది గీత కాదు. ఎర్రనీళ్లు బూడిద నీళ్ల కన్నా బెత్తెడు ఎత్తుగా ఉన్నాయి. గట్టులా ఉన్నాయి. గట్టు మీద నురుగు బుసబుసమంటోంది.

"పట్టుకో!" అన్నారెవరో.

ఎక్కాం. అంతే, పడవ కింద నేల మారినట్టయింది. ఇంతసేపు కూర్చున్న చెరువు పోయి, పరుగెత్తే ఎద్దు వీపు మీద పడ్డట్టుంది. చప్పుడు మారింది. చలి మారింది, ఆ నీళ్లు చల్లగా ఉన్నాయి. వాసన కూడా మారింది. కుళ్లిన ఆకు, తడిసిన మట్టి, నేను ఎన్నడూ పోని అడవుల వాసన. నా మోకాళ్ల దాకా నీళ్లొచ్చాయి, నేను డబ్బాతో తోడుతూనే ఉన్నాను, అరుస్తున్నానని నాకు తర్వాత చెప్పారు. ఏం అరిచానో అడిగితే "వార్ధా, వైన్‌గంగా అని పేర్లు సదువుతున్నవు సారూ, మొక్కు మొక్కినట్టు," అన్నాడు తమ్ముడు. నిజమే అయి ఉంటుంది. ప్రాణహితను పుట్టించే రెండు నదుల పేర్లవి. పదిహేనేళ్లు కాగితం మీద సన్నగా గీసిన గీత మీద ఇప్పుడు నేను తేలుతున్నాను. భయం వేయలేదని చెప్పను. కాని భయానికి చోటు తక్కువ దొరికింది.

ఒక వెదురు పొద మా మీదికి వచ్చింది. పెద్దమనిషి గెడతో దాన్ని ఇలా నెట్టి అలా వదిలేశాడు, ఇంటి ముందు గేదెను తప్పించినట్టు. ఆ తర్వాత ఒడ్డు తనంతట తానే మా వైపు ఉరికి వచ్చింది.

ఒడ్డు మీద ఒక ఎడ్లబండి ఉంది. బండి మీద గొంగడి కప్పుకుని ఆ పిల్ల కూర్చుంది. పక్కన అత్త నిలబడింది. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి, చేతిలో గడకర్ర, దానికి తెల్లచీర. జెండా ఎత్తుతూనే ఉందట, ఆవిరిలో మాకు కనిపించలేదు.

"గింత ఆలస్యమా?" అంది వియ్యంకుణ్ని చూసి. "పొద్దు పొడిసినకాన్నుంచి ఈడనే ఉన్నం. పిల్ల నడుము పడిపోతున్నది."

పడవ పెద్ద తట్ట పట్టుకుని నీళ్లలో నిలబడే ఉన్నాడు. చెప్పడానికి సిద్ధం చేసుకొచ్చిన మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. "అంటే... ఇయ్యాల మంగళారం కద అక్కా. మీకు పట్టింపు..."

"మంగళారమే. అయితె?"

"పంపుతరో లేదో అని..."

ఆమె బండి వెనక ఉన్న మూట చూపించింది. "మూట నిన్ననే బయటవెట్టిన. సోమారం పొద్దుగాల పక్కింట్ల వెట్టి వచ్చిన. పయనం నిన్ననే అయిపోయింది. ఇయ్యాల ఉత్త నడుసుడే."

మా వైపు పల్లెల్లో ఈ పద్ధతి నాకు తెలుసు. బయల్దేరే రోజు బాగా లేకపోతే, ముందు రోజే మంచి పూట చూసి తీసుకుపోయే మూటను పక్కింట్లో పెట్టి వస్తారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. తెలుసు కాని, ఎవరికీ తట్టలేదు. పిల్ల తల్లికి తట్టలేదు, నాకు తట్టలేదు. వరద తగ్గుతుందని నేను ఫోనులో చెబుతున్న ఆ సోమవారమే ఈమె మూట సర్దింది.

"నీకెట్ల తెలిసింది అక్కా, ఇయ్యాల రావాల్సి వస్తదని?" అని నేనే అడిగాను.

ఎవరీ మనిషి అన్నట్టు చూసింది. "పేపరాయన," అన్నాడు తమ్ముడు, "నీళ్లు తోడుతడు."

"ఐతారం సాయంత్రం నుంచి ఈ గంగ ఎర్రవడ్డది. నా పెరట్ల పారుతది ఇది. నాకు కాక ఎవరికి తెలుస్తది?" అని, పిల్లను చెయ్యి పట్టి దింపింది. దింపాక తానూ చీర మోకాళ్ల పైకి చెక్కుకుని నీళ్లలోకి దిగింది.

"నువ్వెటు?" అన్నాడు వియ్యంకుడు.

"పిల్లను ఒక్కదాన్ని గీ నీళ్లల్ల తోలుతనా?"

తిరుగు ప్రయాణానికి పడవకు తాడు కట్టి ఒడ్డు వెంట చాలా దూరం పైకి గుంజారు. తర్వాత వదిలారు. పిల్ల పడవ నడుమ, అత్త కాళ్ల మధ్య కూర్చుంది, రెండు చేతులూ పొట్ట మీద. అల తగిలినప్పుడల్లా అత్త పిల్ల తల మీద చెయ్యి వేసి వంచేది. నేను తోడుతూనే ఉన్నాను. ఎర్రగట్టు దిగి బూడిద నీళ్లలోకి జారినప్పుడు తెడ్లవాళ్లు నలుగురూ ఒకేసారి ఊపిరి వదిలారు. రేవు కన్నా ఎంతో కిందికి, ఒక జొన్న చేను అంచున పడవ తగిలింది. రేవు మెట్ల మీద మాకోసం నిలబడ్డ అవ్వ గట్టు వెంట ఉరుక్కుంటూ వచ్చింది. బిడ్డను పట్టుకుంది. తర్వాత తలెత్తి, వెనక దిగుతున్న వియ్యపురాలిని చూసింది.

"మంగళారం..." అంది.

"మూట నిన్ననే పెట్టిన వదినే," అంది ఆమె.

పొద్దుగూకే ముందే రేవు మెట్లన్నీ మునిగాయి. గూటాలు కొట్టడానికి చోటు లేకుండా పోయింది. బుధవారం పొద్దున చాయ్ కొట్టాయన పొయ్యి ఎత్తుకుని పైకి పోయాడు. ఎటు చూసినా ఒకటే ఎరుపు. బూడిద రంగు ఎక్కడికి పోయిందో కనిపించనే లేదు.

మధ్యాహ్నం బస్సులో, ఒక రోజు ఆలస్యంగా, మంగళవారం పేపరు వచ్చింది. పడవ పెద్ద దాన్ని నా చేతికే ఇచ్చి పైకి చదవమన్నాడు. నీళ్లు రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డ చోట నిలబడి, 'వరద తగ్గుముఖం, బుధవారం నుంచి పడవలు' అని నా వార్త నేనే ఇరవై మందికి చదివి వినిపించాను. విలేకరిగా నాకు జరిగిన అన్ని సన్మానాల్లోకీ అది పెద్దది. నవ్వి నవ్వి ఆ తమ్ముడు నీళ్లలో కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నమే మహాదేవపూర్ పోయి ఫోనులో దిద్దుబాటు చెప్పాను. డెస్కాయన ఈసారి నవ్వలేదు. "ఆ ఉత్తరం నది మట్టాలు మనకు ఎవరు ఇస్తారండీ?" అని అడిగాడు. "అది ఎవల పెరట్ల పారుతదో వాళ్లను అడగాలె సార్," అన్నాను. ఆయనకు అర్థమైందో లేదో.

శుక్రవారం తెల్లవారి పిల్లకు నొప్పులు వచ్చాయి. ట్రాక్టరు మీద దవాఖానకు తీసుకుపోయారు. ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు. నేను ఆ రోజు మహబూబాబాద్ బస్సు ఎక్కి, ఒళ్లో పటం పరుచుకుని, ప్రాణహిత పెన్సిలు గీత మీద సిరా దిద్దాను. బస్సు కుదుపులకు గీత గోదావరి కన్నా లావుగా వచ్చింది. అలాగే ఉంచాను.

నెలన్నర తర్వాత, నది మీద వరుస వ్యాసాలు రాయడానికి మళ్లీ కాళేశ్వరం పోయాను. వరద తగ్గి చాలా రోజులైంది, పడవలు నడుస్తున్నాయి. మళ్లీ రెండు రంగులు వచ్చాయి. పడవ పెద్ద ఇంటి ముందు నులక మంచంలో పసిది నిద్రపోతోంది. పక్కన వియ్యపురాండ్లిద్దరూ కూర్చుని ఎండుకొబ్బరి కుడుకలు తురుముతున్నారు. అవతలి ఒడ్డు ఆమె ఇంకా పోలేదు.

"ఇంకా ఈడనే ఉన్నవా అక్కా?" అన్నాను.

"పోతనంటె పోనిస్తదా మా వదినె?" అంది. "పోయిన వారం పడవ ఎక్కబోతె మంగళారం అన్నది."

"మంగళారమే కద!" అంది అవ్వ, తురుము మీంచి తల ఎత్తకుండా.

"మరి మూట ముందుదినం పక్కింట్ల పెట్టకపోయినవా?" అని నేను అడిగాను.

ఆమె నిద్రపోతున్న పసిదాని మీది దోమను కొంగుతో తోలింది.

"యాది మర్సిన," అంది.